నాయనమ్మ రోలు ఇంటికొచ్చింది, ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: అమ్మా, మాది విజయవాడ, భవానీపురం. నాకు 36 ఏళ్ళు, ప్రైవేటు ఉద్యోగం. పోయిన ఏడాది తెనాలి దగ్గర మా ఊళ్ళో నాయనమ్మ ఇల్లు అమ్మేశారు. మిగతావాళ్ళు ఇత్తడి బిందెలు, మంచాలు పంచుకున్నారు. నేను ఆవిడ రోలు, పొత్రం, ఒక ఇనప మూకుడు, చేత్తో రాసుకున్న వంటల పుస్తకం తెచ్చుకున్నాను. ఆవిడ వంట మా ఇంట్లో మళ్ళీ మొదలవ్వాలని నా కోరిక. జాబితా కూడా రాసుకున్నాను: రోటి పచ్చళ్ళు, ఉలవచారు, మట్టికుండలో అన్నం, కుంపటి మీద పాలు, కొరివికారం (పండుమిరపకాయల పచ్చడి), వేసవిలో వడియాలు, ఆవకాయ. మొదటిసారి గోంగూర పచ్చడి నూరితే పంటికింద ఇసుక తగిలింది. రెండోసారి జిగురు జిగురుగా ముద్దయిపోయింది. మూడోసారి నూరుతుంటే కింది ఫ్లాటావిడ పైకొచ్చి తలుపు కొట్టారు. మావారు 'మిక్సీ ఉండగా ఈ తంటా ఎందుకు' అంటున్నారు. మా అమ్మకు 68 ఏళ్ళు, గుంటూరులో ఉంటుంది. ఫోన్లో అడిగితే 'సరిపడా వెయ్యవే, చూస్తే తెలుస్తుంది' అంటుంది. చూస్తే నాకు తెలియడం లేదు. పుస్తకంలో కొలతలన్నీ వీశెలు, పలాలు, గిద్దలు. ఆవకాయ పేజీ చివర 'మూడోనాడు చూసుకో' అని ఉంది. ఏం చూసుకోవాలో రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
— ఒక సోదరి, విజయవాడ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం వచ్చిన రోజే జవాబు రాయలేదు. మీ పచ్చడి ఎక్కడ చెడిందో ఊహించి రాయడం ఇష్టంలేక, ఎర్ర గోంగూర రెండు కట్టలు తెప్పించి, మీరు ఎలా చేసి ఉంటారో అలా ఒకసారి, మా అమ్మ చేసినట్టు ఒకసారి నూరి చూశాను. ఆ తర్వాతే ఇది రాస్తున్నాను.

ముందు ఇసుక సంగతి. మీ నాయనమ్మ పోయాక ఆ రోలు ఎన్నేళ్ళు దొడ్లో వానకూ ఎండకూ పడి ఉందో. రాయి పైపొర వదులవుతుంది, పాత గాట్లలో మట్టి కూరుకుంటుంది. సబ్బు మాత్రం పెట్టకండి. రాయి సబ్బు వాసన పీల్చుకుందంటే నెల రోజుల దాకా ప్రతి పచ్చడిలోనూ అదే వాసన. కొబ్బరి పీచుతో నీళ్ళు పోసి బాగా తోమండి. ఆరాక రెండు గుప్పిళ్ళ బియ్యం, ఒక గుప్పెడు రాళ్ళుప్పు వేసి పొత్రంతో గట్టిగా నూరండి. మొదటి వాయి పిండి బూడిదరంగులో వస్తుంది, పారేయండి. ఇంకో వాయి. ఇంకోటి. పిండి తెల్లగా వచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే గరుకు తగలనప్పుడు ఆపండి. మా ఇంట్లో పాత రోలుకు ఐదు వాయిలు పట్టింది. చివర్లో ఒక పచ్చి కొబ్బరి ముక్క నూరి తీసేస్తే రోలు వంటకు సిద్ధం. లోపల మరీ నున్నగా అరిగి, మిరపకాయ నలగకుండా జారిపోతుంటే, రాళ్ళు కొట్టేవాళ్ళ చేత గాట్లు పెట్టించుకోండి. పెట్టించాక మళ్ళీ ఈ బియ్యం, ఉప్పు పని తప్పదు.

ఇక ఆ జిగురు. ఆకు కడిగి, నీళ్ళు కారుతుండగానే మూకుట్లో వేశారు, అవునా? గోంగూరకు పుట్టుకతోనే జిగురుంది. దానికి నీళ్ళు తోడైతే ఆకు వేగదు, ఉడుకుతుంది. ఉడికిన ఆకును ఎంత నూరినా జిగురే. రెండో తప్పు, అన్నీ ఒకేసారి రోట్లో వేసి ఉంటారు. మిక్సీ అలవాటు ఉన్న చెయ్యి అలాగే చేస్తుంది, మీ తప్పేం లేదు.

ఇలా చేసి చూడండి. ఎర్రకాడ గోంగూర తీసుకోండి. తెల్లకాడది పప్పులోకి బాగుంటుంది, పచ్చడికి పులుపు చాలదు. ముందురోజు రాత్రే ఆకు దూసి, కడిగి, పాత నూలు చీర మీద ఫ్యాను కింద పరిచేయండి. తెల్లారేసరికి పట్టుకుంటే చేతికి తడి అంటకూడదు. ఇనప మూకుట్లో నూనె వేసి, మెంతులు అర చెంచా, ధనియాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు సన్నసెగ మీద వేయించి తీసేయండి. మెంతులు ఎర్రబడగానే తీయాలి. నల్లబడితే చేదు ఎక్కడా దాచలేరు. అదే మూకుట్లో ఇంకాస్త నూనె వేసి ఆకు వేయండి. మూకుడు నిండా ఉన్న ఆకు రెండు నిమిషాల్లో గుప్పెడవుతుంది. మూత పెట్టకండి. రంగు ఆకుపచ్చ పోయి గోధుమవన్నెకొచ్చి, నూనె అంచుల్లోకి తేలేదాకా వేగనివ్వండి.

ఇప్పుడు రోలు. మిరపకాయలు, వేయించిన దినుసులు, ఉప్పు మొదట. రాళ్ళుప్పే వేయండి. ఆ పలుకులు మిరపతొక్కను కోస్తాయి, మీ చేతికి సగం శ్రమ తగ్గుతుంది. మొదట 'టక్ టక్' మని పొడి శబ్దం వస్తుంది. కాసేపటికి శబ్దం మెత్తబడుతుంది, అప్పుడు వెల్లుల్లి వేయండి. వెల్లుల్లి తడికి పొడి ముద్ద కడుతుంది. ఆ తర్వాతే గోంగూర, అదీ మూడు దఫాలుగా. ఆకు వేశాక దంచడం ఆపి, పొత్రాన్ని రోటి గోడకు ఆనించి తిప్పుతూ నూరండి, చేత్తో మధ్యలోకి తోస్తూ. ఆకు పూర్తిగా మెత్తబడకూడదు, అక్కడక్కడ పీచు కనపడాలి. చివర్లో ఉల్లిపాయ ముక్కలు వేసి నాలుగు పోట్లు, అంతే. ఉల్లిపాయ నలగాలి గానీ రసం కారకూడదు. గట్టివి ముందు, తడివి తర్వాత, ఉల్లి ఆఖరున. ఈ వరస వచ్చిందంటే దోసకాయ పచ్చడి, వంకాయ పచ్చడి, దొండకాయ పచ్చడి మళ్ళీ ఎవరినీ అడగక్కర్లేదు.

పచ్చడి అయ్యాక రోలు కడిగేముందు అందులో రెండు గరిటెల వేడన్నం వేసి, అడుగున మిగిలిన పచ్చడిని దానికి పట్టించి ఇంట్లోవాళ్ళకు తలో ముద్ద పెట్టండి. మీవారు అడిగిన 'ఎందుకు' అన్నదానికి మాటల్లో జవాబు వద్దు. ఆ ముద్ద చాలు.

మిక్సీని నేను తిట్టను. మా ఇంట్లోనూ ఉంది. ఇడ్లీపిండికి గ్రైండరు, సాంబారు పొడికి మిక్సీ. తేడా ఏమిటంటే మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ కోస్తుంది, వేడెక్కుతుంది. రోలు కొయ్యదు, చిదుముతుంది. మిరపగింజ, వెల్లుల్లి, ఆకు చిదిమినప్పుడు వచ్చే వాసన కోసినప్పుడు రాదు. ఆవపిండి మిక్సీలో వేసి వేడెక్కనిస్తే చేదొస్తుందని ఆవకాయ పెట్టేవాళ్ళందరికీ తెలుసు. మిక్సీ తప్పని రోజున పల్స్ మీద ఆపి ఆపి తిప్పండి, వరస మాత్రం ఇదే పాటించండి. సగం రుచి వరసలోనే ఉంది.

కిందింటావిడ విషయంలో మీరు నొచ్చుకున్నారు, కానీ ఆవిడ బాధా నిజమే. రోలు గచ్చు మీద నేరుగా పెడితే ప్రతి పోటూ ఆవిడ నడినెత్తిన పడుతుంది. గది మధ్యలో కాకుండా స్తంభం దగ్గర మూలకు జరపండి. కింద రెండు గోనెసంచులు మడిచి, దానిమీద పాత బొంత, ఆపైన రోలు. దంచే పని మూడు నాలుగు నిమిషాలే, మిగతాదంతా తిప్పి నూరడమే, దానికి చప్పుడుండదు. ఏ వేళప్పుడు ఇబ్బంది లేదో ఆవిణ్ణే అడగండి. మధ్యాహ్నం నిద్రపోయే పెద్దవాళ్ళు ఉన్నారేమో, చదువుకునే పిల్లలున్నారేమో.

ఇప్పుడు అసలు మాట. మీ జాబితాలో మీ అమ్మ లేదు.

రోలు తెచ్చుకున్నారు, మూకుడు తెచ్చుకున్నారు, పుస్తకం తెచ్చుకున్నారు. మీ అమ్మ ఎవరు? మీ నాయనమ్మ కోడలు. ఆ రోలు పక్కన, ఆ పొయ్యి ముందు ఏళ్ళ తరబడి నిలబడ్డ మనిషి. మీ నాయనమ్మ చెయ్యి ఎంత ఉప్పు తీసేదో పుస్తకంలో లేదు గానీ మీ అమ్మ చేతిలో ఉంది. 'సరిపడా' అన్నప్పుడు ఆవిడ దాటేయడం లేదు. ఆ సరిపడా ఎంతో ఆవిడ వేళ్ళకు తెలుసు, నోటికి తెలియదు. ఫోన్లో అడిగితే నోరు జవాబు చెప్తుంది. మీకు కావలసింది వేళ్ళు.

అందుకని నేను చేసిన పని మీకూ చెప్తాను. నా పెళ్ళయిన కొత్తలో మా అత్తగారి ఆవకాయ నేర్చుకుందామని గిద్ద పట్టుకుని పక్కనే కూర్చుని లెక్క రాసుకున్నాను. ముక్కలు ఇన్ని మానికలు, కారం ఇన్ని గిద్దలు, ఆవపిండి ఇన్ని, ఉప్పు ఇన్ని. మరుసటేడు ఆ లెక్క ప్రకారమే నేను పెడితే ఉప్పు కషాయం. జాడీ జాడీ పారబోయలేక ఆ ఏడాదంతా పచ్చి మామిడి ముక్కలు కలుపుకుంటూ గడిపాం. తప్పెక్కడో మళ్ళీ వేసవిలో ఆవిడ పక్కన నిలబడితే గానీ తెలియలేదు. ఆవిడ రాళ్ళుప్పును గిద్దతో కొలిచి, ఆ తర్వాత దంచేది. నేను దంచిన ఉప్పును గిద్దతో కొలిచాను. రాళ్ళ మధ్య గాలి ఉంటుంది, మెత్తటి ఉప్పు గిద్దలో ఇరుక్కుని కూర్చుంటుంది. కొలత అదే, బరువు వేరు. ఈ ముక్క ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. చెప్పాలని ఆవిడకు తోచలేదు, ఆవిడ ఎరుగున్నంతలో ఉప్పు కొలవడమంటే అదే.

ఆ తర్వాత నేను తూకం కొన్నాను. వంటింట్లో గ్రాముల దాకా చూపించే చిన్న ఎలక్ట్రానిక్ తూకం. కానీ ఆవిణ్ణి 'అత్తయ్యా, ఆ గుప్పెడు తూకంలో వెయ్యండి' అని అడిగితే చెయ్యి ఆలోచించడం మొదలుపెట్టేది, గుప్పెడు మారిపోయేది. అందుకని ఉప్పుడబ్బా వంటకు ముందు తూచి పెట్టేదాన్ని, వంట అయ్యాక మళ్ళీ తూచేదాన్ని. తగ్గింది ఎంతో అదే ఆవిడ 'సరిపడా'. కారం డబ్బా అలాగే, నూనె గిన్నె అలాగే, చింతపండు డబ్బా అలాగే. ఆవిడ చెయ్యి తన దారిన తాను పనిచేసుకునేది, లెక్క డబ్బాలు చెప్పేవి. నాలుగు ఆదివారాలు ఒకే పప్పుచారు తూచి చూస్తే, ఆవిడ 'నిమ్మకాయంత చింతపండు' 28 నుంచి 31 గ్రాముల మధ్యే ఉంది, ఒక్కరోజూ దాటలేదు. ఆ కాగితం ఇప్పటికీ మా వంటింటి తలుపు లోపలివైపు అంటించి ఉంది.

మీ అమ్మ దగ్గర ఇలా చేయండి. బెజవాడ నుంచి గుంటూరు ఎంత దూరం, పొద్దున బస్సెక్కితే టిఫిన్ వేళకు ఆవిడ దగ్గర ఉంటారు. ఒక్కరోజు ఒక్క వంట. అదే వంట వచ్చేవారం మళ్ళీ. నాలుగుసార్లు ఒకటే చూస్తే మీ కళ్ళకు కూడా 'చూస్తే తెలియడం' మొదలవుతుంది. పదిరకాలు ఒక్కోసారి చూస్తే ఏదీ అంటదు.

పుస్తకంలో కొలతలు భయపెట్టేవేం కాదు. మెట్రిక్ తూనికల చట్టం 1956లో వచ్చింది, ఆ తర్వాత కూడా పెద్దవాళ్ళు పాత లెక్కలోనే రాసుకున్నారు. వీశె అంటే దాదాపు 1.4 కిలోలు. వీశెకు 40 పలాలు, అంటే పలం 35 గ్రాములు. కొలపాత్రల్లో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. అయితే మానిక పరిమాణం ఊరికీ ఊరికీ తేడా ఉండేది, కాబట్టి బజారులో కొన్న గిద్దతో మీ నాయనమ్మ లెక్క కుదరకపోవచ్చు. ఆవిడ గిద్ద ఎవరి వాటాకు వెళ్ళిందో కనుక్కోండి. ఇత్తడి సామానుతో పాటు ఎవరి ఇంట్లోనో బియ్యం డబ్బాలో ఉండే ఉంటుంది. దొరక్కపోయినా పర్లేదు. పచ్చళ్ళ లెక్క నిష్పత్తిలో ఉంటుంది, అన్నీ ఒకే గిద్దతో కొలిస్తే చాలు.

జాబితాలో కొన్ని కొట్టేయాలి. కుంపటి కొట్టేయండి. ఇది గట్టిగా చెప్తున్నాను. ఫ్లాటులో తలుపులు, కిటికీలు మూసి ఉన్న గదిలో బొగ్గులు కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మీ నాయనమ్మ కుంపటి పెట్టింది వసారాలో. పొగపొయ్యి ముందు కూర్చుని ఆ తరం ఆడవాళ్ళు కళ్ళు పాడుచేసుకున్నారు, దగ్గు తెచ్చుకున్నారు. దాన్ని వెనక్కి తెచ్చుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. మీకు కావలసింది దాలిలో, అంటే పిడకల సెగ మీద, కాగిన పాల రుచి అయితే, దాలి చేసే పని సన్నటి సెగ మీద గంటల తరబడి పాలు కాచడమే. అడుగు మందం గిన్నెలో చిక్కటి పాలు పోసి, చిన్న బర్నరు మీద బాగా తగ్గించి, గంటన్నర తక్కువ కాకుండా వదిలేయండి. పాలు లేత గోధుమరంగు తిరిగి, పైన మందంగా మీగడ కడుతుంది. పిడకల వాసన రాదు, మిగతాదంతా వస్తుంది. ఆ పాలు తోడేసిన పెరుగు గిన్నె బోర్లించినా జారదు.

మట్టికుండ కొనండి, కానీ రంగు పూత, మెరుపు లేనిది. ఒక రాత్రంతా నీళ్ళలో నాననిచ్చి, మర్నాడు బియ్యం కడుగు పోసి సన్నసెగ మీద కాచి పారేశాక వాడండి. ఎవరైనా మీకు ఇత్తడి గిన్నె ఇస్తే కళాయి పోసి ఉందో లేదో చూడకుండా అందులో పులుసు కాచొద్దు, కిలుం విషం. ఇనప మూకుడు కడిగిన వెంటనే తుడిచి నూనె చెయ్యి రాయండి, పులుపు వండితే వెంటనే వేరే గిన్నెలోకి తీసేయండి. వీటిగురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఉలవచారు గురించి మాత్రం చెప్పాలి. మన కృష్ణా, గుంటూరు పల్లెల్లో ఉలవలు మొదట ఎద్దుల కోసం ఉడికించేవాళ్ళు. దుక్కి దున్నే రోజుల్లో పశువులకు బలమని పెద్ద కాగులో వేసి గంటలకొద్దీ ఉడకబెట్టి, గింజలు కుడితి తొట్లో వేసేవాళ్ళు. ఆ ఉడికిన నీళ్ళు పారబోయకుండా ఇంట్లోకి తెచ్చుకుంటే చారయింది. ఇప్పుడు బెజవాడ హోటళ్ళలో ఉలవచారు బిర్యానీ అని అమ్ముతున్నారు గానీ దాని పుట్టుక పశువుల కొట్టం దగ్గర. అందుకే అంత ఎక్కువ నీళ్ళు, అంతసేపు సెగ. ఆ రెండూ తగ్గిస్తే అది ఉలవచారు కాదు, ఉలవల రసం.

పావుకిలో ఉలవలు చేటలో పోసి చెరిగి, రాళ్ళు ఏరండి. ఉలవల్లో ఉలవ రంగే ఉన్న మట్టిబెడ్డలుంటాయి, పగలు వెలుతురులోనే ఏరాలి. మీ పాపో బాబో ఉంటే ఈ పని వాళ్ళకివ్వండి, పిల్లల కళ్ళు చురుకు. కడిగి రాత్రంతా నానబెట్టండి. మర్నాడు రెండు లీటర్ల నీళ్ళతో కుక్కర్లో పెట్టి, కూత వచ్చాక సెగ తగ్గించి 40 నిమిషాలు ఉంచండి. చిక్కటి గోధుమరంగు నీళ్ళు వస్తాయి, వడగట్టండి. ఉడికిన ఉలవలు ఒక గుప్పెడు రోట్లో మెత్తగా నూరి ఆ నీళ్ళలో కలపండి. మిగతావి పారేయకండి, ఎండుమిర్చి, కరివేపాకు, ఉల్లిపాయతో తాలింపు పెడితే సాయంత్రానికి గుగ్గిళ్ళు. ఆ కట్టులో చింతపండు పులుసు, చీరిన పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయలు, పసుపు, కారం, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి సన్నసెగ మీద సగానికి వచ్చేదాకా మరగనివ్వండి. ఎప్పుడు దించాలో గడియారం చెప్పదు. గరిటె ముంచి తీసి, గరిటె వీపు మీద వేలితో గీత గీయండి. గీత కలిసిపోతే ఇంకా మరగాలి, అలాగే నిలబడితే దించేయాలి. తర్వాత వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి తాలింపు. ఆదివారం కాచి సోమవారం తినండి. వేడన్నంలో ఉలవచారు, పైన చెంచాడు మీగడో వెన్నపూసో. ఉద్యోగానికి వెళ్ళే మనిషికి ఇంతకన్నా అనువైన పల్లెవంట నాకు తెలియదు. పనంతా ఒకరోజు, తిండి మూడురోజులు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. ఏ నెలలో ఉన్నామో చూసి మొదలుపెట్టండి. మీ నాయనమ్మ జాబితా రాసుకుని వండలేదు, కాలం ఏది ఇస్తే అది దాచింది. సంక్రాంతి వెళ్ళింది. రైతు బజారులో, కాళేశ్వరరావు మార్కెట్లో పండుమిరపకాయలు దిగాయి. కాబట్టి ఈ నెల కొరివికారం. ఆవకాయ మేలో, అప్పుడు చూసుకుందాం. వడియాలు మంచి ఎండలు పడ్డాక.

అరకిలో కాయలే తీసుకోండి, మొదటిసారి అంతకుమించి వద్దు. మచ్చలేని, కండ ఉన్న, తొడిమ పచ్చగా ఉన్న కాయలు. తొడిమలు తీయకుండానే కడగండి. తీసి కడిగితే ఆ బెజ్జంలోంచి నీళ్ళు లోపలికి పోతాయి, పచ్చడి బూజు పట్టేది అక్కడే. గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, ఫ్యాను కింద పూటంతా ఆరబెట్టి, అప్పుడు తొడిమలు తీయండి. 100 గ్రాములకు కాస్త పైన రాళ్ళుప్పు, పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. చేతులకు ముందే నూనె రాసుకోండి, ఆ రోజు కళ్ళు నలుపుకోవద్దు. జాడీలో సగం ముద్ద, దానిమీద ఈనెలు, గింజలు తీసిన చింతపండు (ఉప్పు ఎంత బరువు వేశారో అంతే), పైన మిగతా ముద్ద. గుడ్డ వాసెన కట్టి పక్కన పెట్టండి. మూడోరోజుకు చింతపండు ఊరి మెత్తబడి ఉంటుంది. తీసి అన్నీ కలిపి రోట్లో నూరి మళ్ళీ జాడీకెత్తండి. తాలింపు అంతటికీ ఒకేసారి పెట్టొద్దు. వారానికి సరిపడా తీసుకుని మెంతిపొడి, ఇంగువ, వెల్లుల్లితో పెట్టుకుంటే ప్రతిసారీ కొత్త పచ్చడే. దంచే పని మీవారికి ఇవ్వండి. పల్లెల్లో రోకలి పట్టింది ఆడవాళ్ళే గానీ, అది ఆడవాళ్ళే పట్టాలని రోలుకేం నియమం లేదు. తాను దంచిన కారం అన్నంలోకి వచ్చాక ఆయన ప్రశ్న మారుతుంది.

వచ్చే ఆదివారం ఆ అరకిలో కాయలు, తూకం, పుస్తకం పట్టుకుని గుంటూరు వెళ్ళండి. కొరివికారం అమ్మ చేతిమీదుగా పెట్టించండి, ఉప్పుడబ్బా తూచడం మర్చిపోకండి. మిరపకాయలు ఆరేలోపు పుస్తకం ఆవిడ ఒళ్ళో పెట్టి ఒక్కో పేజీ చదివించండి. మీ నాయనమ్మ రాయనివి ఆవిడకు గుర్తొస్తాయి. అవి ఆ పేజీ పక్కనే మీ చేత్తో రాయండి.

'మూడోనాడు చూసుకో' అన్నదానికి మీ అమ్మ ఏం చెప్తుందో ముందు వినండి, నాకు తెలిసింది ఇది. ఆవకాయ కలిపి జాడీకెత్తాక మూడోరోజు పళ్ళెంలోకి తీసి తిరగ కలుపుతాం. అప్పటికి ముక్కల్లోంచి ఊట దిగి ఉంటుంది. చూసుకోవాల్సినవి మూడు. ఒకటి నూనె: కలిపి జాడీలో సర్దాక ముక్కల మీద అర అంగుళం తేలాలి, తేలకపోతే కాచని పప్పునూనె (నువ్వులనూనె) పోయాలి. రెండోది వాసన: ఆవఘాటు ముక్కుకు కొట్టాలి, పులిసిన వాసన రాకూడదు. మూడోది ఉప్పు. ముక్క కాదు, పిండి నాలుక మీద వేసుకుని చూడండి. ఆ రోజు పిండి కాస్త ఉప్పగానే ఉండాలి. ముక్క ఇంకా ఉప్పు పీల్చుకోవాలి కదా. ఆ రోజు సరిపోయినట్టు అనిపించిందంటే చాలలేదని అర్థం, ఇంకొంచెం దంచిన ఉప్పు కలిపి, జాడీ వాసెన కట్టేయండి.